మార్సెల్ మోకాలు

స్టోక్స్ భుజం మార్సెల్ పక్కటెముకల్లో దిగిన చప్పుడు మైదానం ఈ చివర మంచినీళ్ళ బల్ల దగ్గర నిలబడ్డ నాక్కూడా వినిపించింది. హెల్మెట్ ఊడి దొర్లుకుంటూ పోయింది. బంతి ఒకవైపు, మనిషి ఒకవైపు. పచ్చిక మీద బోర్లా పడ్డవాడు కాసేపు కదల్లేదు. కదిలాక ముందు చేసిన పని నోట్లో రక్తం ఉమ్మడం.

"లేవరా బుజ్జి! మీ అమ్మని పిలవమంటావా, జోల పాడుతుంది!" అని స్టోక్స్ వాడి నెత్తి మీదే నిలబడి అరుస్తున్నాడు. చుట్టూ ఉన్న వెధవలంతా ఈలలు, కేకలు. అందరూ ఒకే జట్టువాళ్ళు. ఒకే వంటగదిలో తింటారు, ఒకే గదిలో బట్టలు మార్చుకుంటారు. ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేల్చే ఆగస్టు వచ్చిందంటే మాత్రం ఒకణ్ణొకడు చంపుకోడానికి వెనకాడరు.

నేను రక్తం వైపు చూడలేదు. వాడి కుడి మోకాలు వైపు చూశాను. ఆ మైదానంలో ప్రతివాడూ అదే చూస్తున్నాడు. మార్సెల్ దాని మీద బరువు వేసి లేచి నిలబడేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

నా పేరు నెల్డా క్రౌడర్. ఈ టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆటగాళ్ళ ఒళ్ళు చూసుకునే పని నాది. చీలమండలకి కట్లు కడతాను, జారిన భుజాలు సరిచేస్తాను, డాక్టర్లు కోసి కుట్టి పంపినవాళ్ళని మళ్ళీ పరిగెత్తేలా చేస్తాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. ఏడుపుగొట్టు మొహాలు వేసుకుని వచ్చే నూటపాతిక కిలోల మగాళ్ళ మధ్య మంచి నోరేసుకుని బతకమనండి చూద్దాం.

మార్సెల్ గిడ్రీది లూసియానా. పైకి విసిరిన బంతిని పరిగెత్తి పట్టుకోవడం వాడి పని. కిందటేడు ఆగస్టులో, చివరి సన్నాహక ఆటలో, వాడు బంతి తీసుకుపోతున్న మనిషి వైపు చూస్తూ ఉండగా ఎదుటి జట్టువాడొకడు పక్కనుంచి కిందకి వంగి వచ్చి మోకాలి మీద పడ్డాడు. ఎండు కట్టె విరిగినట్టు వినిపించింది. ఆ కొట్టినవాడు అప్పటిదాకా అనామకుడు. ఆ దెబ్బ చూసే వాళ్ళ జట్టు వాణ్ణి ఉంచుకుంది. ఇప్పటికీ ఆడుతున్నాడు. ఆ సంగతి మార్సెల్‌కి తెలుసు.

ఆపరేషన్ తర్వాత ఆ మోకాలు నా చేతికొచ్చింది. చలికాలమంతా నా బల్ల మీదే పడి ఉన్నాడు. వంచబోతే, "చంపెయ్యండి మిస్ నెల్డా, దీనికంటే చంపెయ్యడం నయం," అని పిల్లాడిలా ఏడ్చేవాడు. "చచ్చి నన్నేం ఉద్ధరిస్తావురా, వంచు!" అని వాడి పిక్క మీద నా ఒళ్ళంతా ఆనించి వంచేదాన్ని. వాడితోపాటు నాకూ కళ్ళమ్మట నీళ్ళు కారేవి, తిట్లు మాత్రం ఆపలేదు. తర్వాత చాప మీద నిలబెట్టి కిందకి కుంగడం, కుడికాలి మీద బరువంతా వేసి ఒక్క ఉదుటున ముందుకి ఉరకడం నేర్పాను. వంద తిట్లకి ఒక్కసారి సరిగ్గా చేసేవాడు.

మోకాలి మీద మంచు మూట పెట్టుకుని పడుకున్నప్పుడల్లా ఫోన్లో ఒకటే చూసేవాడు. తన కాలు విరిగిన ఆ దెబ్బ. మళ్ళీ మళ్ళీ అదే.

"పుండు మీద కారం చల్లుకుంటావెందుకురా? అవతల పారెయ్ ఆ ఫోను," అని ఒకసారి లాక్కోబోయాను.

"చూడనివ్వండి మిస్ నెల్డా," అన్నాడు మెల్లగా, కళ్ళు తిప్పకుండా.

భయాన్ని చంపుకుంటున్నాడనుకున్నాను. చూసి చూసి మొద్దుబారితే మంచిదేలే అనుకున్నాను. కుర్రాడిలో భయం పోయిందని కోచ్‌లకి నేనే చెప్పాను కూడా.

స్టోక్స్ కొట్టిన రోజు చిట్లిన పెదవిలో దూది కుక్కుతుంటే హార్బిన్ వచ్చాడు. బంతి పట్టేవాళ్ళకి కోచ్ అతను. తలుపు కొట్టే అలవాటు లేదు. స్టూలు లాక్కుని మార్సెల్ ఎదురుగా కూర్చున్నాడు.

"చూడు మార్సెల్, నీకు అబద్ధాలు చెప్పను. మేం ఉంచుకునేది ఐదుగురిని. నలుగురు ఖాయం అయిపోయారు. ఐదో చోటుకి నువ్వూ, హోల్కమూ. హోల్కమ్ నీకంటే బాగా పడతాడు బంతి."

"నేనూ పడతాను కోచ్."

"పడతావ్, కాదన్లేదు. కానీ ఐదోవాడు నాకు పట్టడానికి కాదు. ముందు నలుగురికీ దారి చెయ్యడానికి. అడ్డొచ్చినవాణ్ణి పడగొట్టడానికి. హోల్కమ్‌కి ఒళ్ళంటే ముద్దు, ఎవణ్ణీ తాకడు. నువ్వు తాకుతావ్, కానీ తాకేముందు ఒక్క క్షణం ఆగుతున్నావ్. మోకాలు గుర్తొస్తోందా?"

"లేదు కోచ్."

"అయితే గురువారం చూపించు. ఆగస్టు ఆటలో పాయింట్లు ఎవడూ లెక్కపెట్టడు. తప్పు కొడితే రిఫరీ విసిరే పసుప్పచ్చ జెండాలూ ఎవడూ లెక్కపెట్టడు. నాక్కావలసింది ఒక్క దెబ్బ. మర్నాడు తెర మీద చూసి గది మొత్తం ఊళలు వేసే దెబ్బ."

నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా హార్బిన్, పెదవి చీలి నెత్తురు కారుతున్నవాడికి ఇప్పుడా నీ పాఠాలు? నడు బయటికి!"

"మోకాలు నువ్వు చూసుకో నెల్డా. మనిషిని నేను చూసుకుంటా," అని నవ్వుతూ లేచిపోయాడు.

మార్సెల్ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. "ఈ చోటు పోతే ఇంకెవడూ పిలవడు మిస్ నెల్డా," అన్నాడు. "ఒకసారి తెగిన మోకాలు. ఎవడు పిలుస్తాడు? మా పెదనాన్న రొయ్యల పడవ ఎక్కాల్సిందే. ఆయన చేతులు చూశారా ఎప్పుడైనా? ఎన్నిసార్లు కడిగినా కంపే. మా అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పేసింది, మావాడు మళ్ళీ ఆడుతున్నాడని."

"నోరు మూసుకో, దూది జారుతోంది," అన్నాను. నాకూ వాడికి ఆ చోటు రావాలనే ఉంది. నా కడుపున పుట్టినవాడికి కూడా అంత కోరుకుని ఉండను.

గురువారం ఆట మొదలైన దగ్గర్నుంచి ఒకటే మోతలు. వీళ్ళలో సగంమందికి ఇదే ఆఖరి ఆట అని వీళ్ళకి తెలుసు, అందుకే పిచ్చెత్తినట్టు కొట్టుకుంటారు. మావాడొకడి వేలు వెనక్కి వంగిపోతే అక్కడే లాగి సరిచేసి పంపాను. ఇంకొకడు వాంతి చేసుకుని మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. హోల్కమ్ గాలిలోకి ఎగిరి ఒంటిచేత్తో బంతి పట్టి గీత దాటాడు. జనం ఊగిపోయారు. ఆ తర్వాతే మార్సెల్‌కి ఒక బంతి వచ్చింది. చేతిలో పడీ పడకముందే ఎవడో నడుం మీద గుద్దితే బంతి జారిపోయింది. లేచి వస్తూ హార్బిన్ వైపు చూశాడు. హార్బిన్ చూపు తిప్పుకుని చేతిలో అట్ట మీద ఏదో గీసుకుంటున్నాడు. పోయింది, పాపం వాడి బతుకు పోయింది అనుకున్నాను.

ఆట ముగింపుకి వస్తుండగా మావాళ్ళు బంతిని రన్నర్ చేతికిచ్చారు. వాడు మార్సెల్ ఉన్న వైపే దూసుకొచ్చాడు. వాణ్ణి ఆపడానికి ఎదుటి జట్టు కుర్రాడొకడు పరిగెత్తుతున్నాడు. బక్కపల్చటివాడు. వాడి కళ్ళు బంతి మీదే ఉన్నాయి. పక్కనుంచి మార్సెల్ వస్తున్నది వాడు చూడలేదు.

ఛాతీ మీద భుజం వేసి కొట్టొచ్చు. సాధనలో మార్సెల్ అలాగే కొట్టేవాడు, నేను చూశాను. ఇప్పుడు అలా చెయ్యలేదు. కిందకి కుంగాడు. కుడికాలి మీద బరువంతా వేశాడు. నేను చాప మీద నేర్పింది నేర్పినట్టు ఒక్క ఉదుటున ఉరికి ఆ కుర్రాడి మోకాలిలోకి భుజం దించాడు.

ఎండు కట్టె విరిగిన అదే చప్పుడు. కాలు పక్కకి మడిచిన కాగితంలా వంగిపోయింది. కుర్రాడి అరుపుకి ముందు వరసల్లో జనం చెవులు మూసుకున్నారు. రన్నర్ మాత్రం దారి దొరికి చివరిదాకా పరిగెత్తాడు. వెనక వరసలవాళ్ళు వాడికోసం చప్పట్లు కొడుతున్నారు.

అప్పుడు తెలిసింది నాకు, చలికాలమంతా ఆ ఫోన్లో వాడు ఏం చూశాడో. ఎలా వంగాలో, తల ఏ పక్కన పెట్టాలో, ఎక్కడ తాకాలో. భయం పోగొట్టుకోడానికి కాదు, పని నేర్చుకోడానికి చూశాడు. నా బల్ల మీద పడుకుని, నా మంచు మూట పెట్టుకుని నేర్చుకున్నాడు.

ఎదుటి జట్టులో నాలాంటి పని చేసేవాడు కొత్తగా చేరిన పిల్లాడు, సంచి తెరవడం కూడా మర్చిపోయాడు. నేనే పరిగెత్తి మోకాళ్ళ మీద కూలబడి కాలు చేతుల్లోకి తీసుకున్నాను. పిక్క పట్టుకుని మెల్లగా ముందుకి లాగితే పాత బల్ల సొరుగులా లాగినంతా వచ్చేసింది. పట్టి ఉంచేది లోపల ఏదీ మిగల్లేదు.

"మేడమ్," అన్నాడు కుర్రాడు, పళ్ళు కొట్టుకుంటుంటే. "మంగళవారమే చెప్తారు ఎవరిని ఉంచుతారో. ఈసారి నాకు ఉందన్నారు. మంగళవారానికి తగ్గుతుంది కదా?"

"కళ్ళు మూసుకో నాన్నా. నా చెయ్యి గట్టిగా పట్టుకో."

"తగ్గుతుంది కదా మేడమ్?"

వాడి గోళ్ళు నా మణికట్టులో దిగాయి.

గీత అవతల హార్బిన్ రిఫరీ ఎదురుగా మార్సెల్ మొహంలో వేలు పెట్టి కేకలేస్తున్నాడు. "బుద్ధుందా? అలాగేనా కొట్టేది? సిగ్గులేదూ?" రిఫరీ అటు తిరగ్గానే అదే చేత్తో వాడి హెల్మెట్ వెనక తట్టాడు. స్టోక్స్ వచ్చి మార్సెల్‌ని నడుం పట్టి పైకెత్తాడు. బల్ల మీద హోల్కమ్ తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. ఎవడి చోటు పోయిందో వాడికి అర్థమైంది.

మర్నాడు పొద్దున జట్టంతా చీకటి గదిలో కూర్చుని ముందురోజు ఆట తెర మీద చూసింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెద్ద దెబ్బ తెర మీద కనపడగానే కొట్టినవాడు లేచి నిలబడాలి. మిగతావాళ్ళు ఊళలు వేస్తారు. నేను స్టోక్స్ భుజానికి మందు రాయాలని పిలవడానికి వెళ్ళాను. తలుపు తీసేసరికి మార్సెల్ నిలబడి ఉన్నాడు.

"ఇంకోసారి వెయ్ కోచ్, ఇంకోసారి!" స్టోక్స్ అరుస్తున్నాడు. "మన బుజ్జిగాడు మగాడయ్యాడ్రా!"

హార్బిన్ వెనక్కి తిప్పాడు. తెర మీద ఆ కుర్రాడి కాలు తిన్నగా అయింది, కుర్రాడు లేచి వెనక్కి పరిగెత్తాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ మడత పడింది. గది దద్దరిల్లింది. మార్సెల్ మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని ఆశగా చూశాను. వాచిన పెదవితో నవ్వుతున్నాడు. స్టోక్స్‌ని పిలవకుండానే బయటికి వచ్చేశాను.

నడవాలో హార్బిన్ నా వెనకే వచ్చాడు. "వాణ్ణే తీసుకుందాం అనుకుంటున్నాం నెల్డా. ఒక్కటి చెప్పు, ఆ దెబ్బకి వాడి మోకాలు ఎలా ఉంది?"

వాచిందంటే చాలు, వదులుగా ఉందంటే చాలు, హోల్కమ్ మిగిలేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పొద్దున్నే ఈ చేతులతో చూశాను దాన్ని. కొత్త మోకాలి కంటే గట్టిగా ఉంది. నా జన్మలో నేను చేసినవాటిలో అంత మంచి మోకాలు ఇంకోటి లేదు. ఉన్నదాన్ని లేదనడానికి నా నోరు రాలేదు.

"నిలబడింది," అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మంగళవారం హోల్కమ్ తన బట్టలూ బూట్లూ చెత్తసంచిలో కుక్కుకుని మా గది ముందునుంచి వెళ్ళాడు. నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. మధ్యాహ్నం మార్సెల్ వచ్చాడు. వాళ్ళమ్మ పంపిన పెకాన్ గింజల తీపి బిళ్ళల డబ్బా నా బల్ల మీద పెట్టి, ఎక్కి కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు మిస్ నెల్డా. మీ పేరు చెప్పి చర్చిలో కొవ్వొత్తి వెలిగించిందట."

నేను పట్టీ చుట్ట విప్పుతున్నాను.

"ఆ కుర్రాడి సంగతి ఏమన్నా తెలిసిందా?" అన్నాడు.

"వాడి పేరు ట్వీడీ. కోసి కుట్టారు. నీకంటే ఘోరంగా తెగింది."

వాడు తల ఊపాడు. నిజంగానే జాలిపడ్డాడు, అబద్ధం చెప్పను. నా భుజం మీద చెయ్యి వేసి నన్ను ఓదార్చబోయాడు.

"ఏం కాదులెండి. నాకూ ఇంతేగా అయింది? మీలాంటివాళ్ళు ఒకరు దొరికితే వచ్చే ఏటికి లేచొస్తాడు. నాకంటే గట్టిగా కొడతాడు చూడండి."

చెంప ఛెళ్ళుమనిపించాను. నా చెయ్యి లేచింది నాకే తెలీదు. మానుతున్న పెదవి మళ్ళీ చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. వాడు తుడుచుకోలేదు. కోప్పడలేదు. పెద్దపెద్ద కళ్ళేసుకుని నావైపు చూశాడు.

"ఏం తప్పన్నాను మిస్ నెల్డా?" అన్నాడు.

వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. చెప్పమని ఎదురుచూస్తున్నాడు.

ఆదివారం నుంచి అసలు ఆటలు మొదలవుతున్నాయి.

"కాలు చాపు," అన్నాను.

చాపాడు. నేను కట్టు కట్టడం మొదలుపెట్టాను.