పూతలోంచి

పాడెను గేటు దగ్గర ఆపేశారు.

గేటు దారికి అడ్డంగా కొత్త గొలుసు. దాని ముందు మేనేజరు, ఇద్దరు గార్డులు. అవతల కొండవాలంతా కాఫీ తోట, తెల్లగా. మొన్నటి వానకి ఒక్కసారే విచ్చుకుంది.

"పూత మీదుంది. మనుషులు దూరితే రాలిపోతుంది. రెండు మూడు రోజులాగి తీసుకెళ్లండి," అన్నాడు మేనేజరు.

"శవం ఆగుతుందా సార్?" అన్నాం.

"అయితే కొండ చుట్టూ రోడ్డుంది కదా, అలా పోండి."

మా శ్మశానం తోటకి ఆ చివర. తోట వేయకముందు నుంచీ ఉంది. దారీ ఉండేది. అందులోనూ మొక్కలు పెట్టారు. అయినా ఇన్నాళ్లూ మొక్కల మధ్యనుంచే మోసుకుపోయేవాళ్లం.

పాడె మీద నిచ్చెన మామ. పొడుగు మనిషి, భుజాన ఎప్పుడూ నిచ్చెన, అందుకే ఆ పేరు. కాఫీకి నీడనిచ్చే చెట్ల కొమ్మలు కొట్టే పని. నడుముకి కట్టుకునే తాడు చివికిపోయిందని ఎన్నిసార్లో చెప్పాడు. నిన్న అది తెగింది.

అత్త ఏడవలేదు. మాకూ ఏడుపు రాలేదు. పాడె దించి, పక్కనే కూర్చుని వాదించుకున్నాం.

"చుట్టూ తిరిగే పోదాం," అన్నాడు మాకు పని పురమాయించే మేస్త్రీ. "పూత రాలితే కాయుండదు. కాయ లేకపోతే కోత లేదు. ఎవరి కడుపు కొట్టుకుంటాం? మనదే కదా!"

అబద్ధం కాదు. పూతప్పుడు తోటలో అడుగు పెట్టొద్దని పిల్లలకి చెప్పేది మేమే. మేకల్ని కట్టేసేదీ మేమే. గార్డులు ఇద్దరు, మేం కూలీల ఇళ్ల వరసల్లోని జనమంతా. ఆగింది గొలుసుకి కాదు, పూతకి. మేనేజరుకి ఆ సంగతి బాగా తెలుసు.

"కాయ కాసిన ఏడు మాత్రం నీ కడుపు నిండిందా మేస్త్రీ?" అంది కోతల్లో ముందుండే పొట్టక్క. "బతికుండగా ఒక్కరోజు సెలవడిగితే ఇవ్వలేదు మామకి. చచ్చాక మూడు రోజులిస్తున్నాడు. దొరకి దయ పొంగింది!"

ఎవరో నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఇవాళ చుట్టి పోయామంటే ఇక ఎప్పుడూ చుట్టే," అన్నాడు మొక్కలకి మందు కొట్టే బావ. "ఇప్పుడు పూతంటారు. తర్వాత పిందంటారు. ఆ తర్వాత పండంటారు. గొలుసెప్పుడు తీస్తార్రా?"

అత్త లేచింది. వంగి గొలుసు కిందనుంచి దూరింది. "అమ్మా, అమ్మా," అన్నాడు గార్డు గానీ చెయ్యి వేయలేకపోయాడు. మొదటి వరస ముందు కాసేపు నిలబడింది. ఆ మొక్కలు ఆమె చేత్తో నాటినవే. ఒక కొమ్మని పక్కకి నెట్టింది. పూలు జలజల రాలాయి.

ఏమీ కాలేదు. మేనేజరు ఏదో అరిచాడు, అంతే.

"తీసుకురండి," అంది అత్త, నీళ్ల బిందె తెమ్మన్నట్టు.

గొలుసు ఎత్తిపట్టాం. గార్డులు తప్పుకున్నారు. వరసలు ఇరుకు, పాడె వెడల్పు. రెండు పక్కలా కొమ్మలు రాసుకున్నాయి, మామ ఛాతీ మీదంతా తెలుపు. మేస్త్రీ చేతులు దగ్గరికి ముడుచుకుని, ఏదీ తగలకుండా చివర్న వచ్చాడు. సగం దారిలో ఏమనుకున్నాడో, ముందుకొచ్చి పాడెకి భుజం పట్టాడు.

మట్టి కప్పేసరికి పోలీసు జీపు కొండ చుట్టి వచ్చింది. వెనక మేనేజరు.

"ముందెవరు దూరారు?"

"నేనే," అంది అత్త.

ఆమెనీ, గొలుసు మాట ఎత్తిన బావనీ ఎక్కించారు. మేస్త్రీని చూపించి, "వీడు మనవాడే, వద్దన్నాడు," అన్నాడు మేనేజరు.

"అన్నాను. బుద్ధిలేక అన్నాను," అని మేస్త్రీ తనే జీపెక్కి అత్త పక్కన కూర్చున్నాడు.

జీపు వచ్చిన దారినే మళ్లీ చుట్టూ తిరిగి పోవాలి. స్టేషనేమో గేటు బయటే.

పొట్టక్క మట్టిచేతులు చీరకి తుడుచుకుంది. "వాళ్లకంటే ముందు చేరాలి," అంది.

ఈసారి ఎవరూ వాదించలేదు. కోతకి దిగినట్టు, మనిషికొక వరస పట్టుకుని తోటలోకి దిగాం.