ఫిర్యాదు రాని రోజు

అసలు ఇలాంటి కుర్చీలే రెండు కొనుక్కుంటే బాగుంటుంది, చేతులు ఆనించుకోవడానికి వీలుగా, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో వంతులేసుకుని కూర్చోవడం ఇంకెన్నాళ్లు, పెళ్లయి నెల దాటింది, మొన్నటికి మొన్న మొగుడు నేల మీద బాసింపట్టు వేసుకుని, మహారాణిగారు సింహాసనం దిగితే కాఫీ సమర్పించుకుంటాం అన్నాడు, ఆమె నవ్వాపుకోలేక సగం కప్పు ఒలకబోసింది, ఛీ, ఇప్పుడా ఇవన్నీ గుర్తుకు రావలసింది, ఎదురుగా ఆసుపత్రి సూపరింటెండెంటు గారి గది తలుపు మూసి ఉంది, లోపల యూనియన్ వాళ్లతో చర్చలు, బయట వరండాలో తను ఒక్కతే, ఎప్పుడు పిలుస్తారో తెలియదు, పిలిచాక ఏం చెప్పాలో అసలే తెలియదు.

ఇందాక పెద్దక్క బయటికి వచ్చినప్పుడు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు, యూనియన్ కార్యదర్శి అయినా నర్సులందరికీ ఆమె పెద్దక్కే, ఎవరి జీతం కోసినా ఎవరికి సెలవు ఇవ్వకపోయినా ముందుగా వెళ్లి ఈ తలుపు తట్టే మనిషి, తన పెళ్లికి సెలవు ఇప్పించిందీ ఆమే, ఏమే కొత్త పెళ్లికూతురా, ఎంత పని చేశావే అంది, తిట్టినా బాగుండేది, అలిసిపోయినట్టు అంది, వార్డుకి ఇంకో ఇద్దరు నర్సుల్ని ఇమ్మని కదే మనం సమ్మె చేసింది, మరి నిన్న మీ వార్డు మొత్తం ఇద్దరితోనే నడిచిందట, ఒక్క ఫిర్యాదు కూడా రాలేదట, ఇంకా మనుషులెందుకమ్మా అంటున్నాడాయన, కావాలంటే ఆ అమ్మాయినే పిలిచి అడగండి అంటున్నాడు, నేనేం చెప్పనే, అని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

నడిచింది, నిజమే, తనే నడిపింది, నిన్న పొద్దున గేటు దగ్గర పెద్దక్క తన చేతికీ, తోడు వస్తున్న అమ్మాయి చేతికీ పసుపు రిబ్బన్లు కట్టింది, వీళ్లిద్దరూ సమ్మెకు ఎగనామం పెట్టి లోపలికి పోతున్నవాళ్లు కాదు, అత్యవసరం కోసం యూనియనే పంపుతున్న మనుషులు అని అందరికీ తెలిసేలా, గుర్తుందిగా, ప్రాణం మీదికొచ్చే పనులే చేయాలి, ఆక్సిజన్, సెలైన్, ఇంజెక్షన్లు, మిగతావి ముట్టుకోవద్దు, మనం లేకపోతే ఏమేం ఆగిపోతాయో వాళ్ల కళ్లకు కనపడాలి అంది, తను బుద్ధిగా తలూపింది, అందరూ చప్పట్లు కొడుతుంటే అత్తారింట్లో అడుగుపెడుతున్న కొత్త కోడల్లా కులుకుతూ లోపలికి వెళ్లింది, ఈ మధ్య లోకమంతా తన పెళ్లికే వచ్చినట్టు ఉంటోంది మరి, కిటికీ పక్క మంచం మీది అవ్వ, చూడవే తల్లీ, నా జుట్టు కూడా సమ్మెలోకి దిగింది, దువ్వెన మాట వినడం లేదు అంటే ఎలా ఊరుకుంటుంది, ఒక్క జడే కదా అనుకుంది, జడయ్యాక దుప్పటి, దుప్పటయ్యాక పక్క మంచం దుప్పటి, తనతో వచ్చిన అమ్మాయి, అందరూ మౌనవ్రతం అని ఏడిపించే అమ్మాయి, ఆక్సిజన్ పెట్టిన ఆవిడ పక్కనుంచి కదలకుండానే, అక్కా, ఇవాళ అది మన పని కాదు కదా అంది, నోరు తెరిచిందే ఎప్పుడో ఓసారి, అప్పుడైనా వినొద్దూ, పోవే, పాపం కదూ అని తను గాల్లో తేలిపోయింది, మంచినీళ్లు, టీ కప్పులు, చెత్తబుట్టలు, సాయంత్రానికి వార్డు అద్దంలా ఉంది, సూపరింటెండెంటు గారు గుమ్మంలో నిలబడి శభాష్ అన్నారు, తను పొంగిపోయింది, సిగ్గు లేకపోతే సరి, గేటు బయట మండే ఎండలో వాళ్లంతా గొంతులు పోయేలా అరుస్తుంటే, లోపల తను, వాళ్లు చెప్పేది అబద్ధమని చూపించడానికి, మంచం తర్వాత మంచం సర్దిపెట్టింది.

ఫోన్ మోగింది, మొగుడి సందేశం, భయపడకు బంగారం, నీ మంచితనం చూసినవాళ్లెవరూ నిన్నేమీ అనలేరు, చివర రెండు పువ్వులు, మామూలుగా అయితే ఆ పువ్వుల్ని పదిసార్లు చూసుకునేది, ఇవాళ మంచితనం అన్న మాట దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే నిన్న ఇంటికెళ్లగానే అతనికి మూల మంచం టీచరమ్మ గురించి చెప్పింది, తుంటి విరిగి కదలలేని మనిషి, దుప్పటి మార్చబోతే గుప్పిటతో బిగించి పట్టుకుంది, వద్దమ్మా, నాది బాగానే ఉంది, మిగతావాళ్లని చూసుకో అంది, బలవంతాన తీస్తే కింద పరుపంతా తడి, ఎప్పుడో మధ్యాహ్నం తడిసింది, చల్లబడిపోయింది, నడుము దగ్గర చర్మం ఎర్రగా కందిపోయింది, బెల్లు నొక్కొచ్చుగా టీచరమ్మా అంటే, కాలు నిలవకుండా తిరుగుతున్నావు, కొత్తగా పెళ్లయిన పిల్లవి, పిలవబుద్ధి కాలేదే అని ముఖం గోడవైపు తిప్పుకుంది, దాన్ని తను మొగుడికి ముచ్చటగా చెప్పింది, మనుషులు ఎంత మంచివాళ్లో చూడు అని, అతని కళ్లు చెమర్చాయి కూడా.

ముచ్చటా అది, టీచరమ్మ పక్క మంచం ఆవిడ నొప్పి తగ్గింది తల్లీ అంటున్నప్పుడు మంచం కమ్మీ మీద వేళ్లు తెల్లబడి ఉన్నాయి, తను చూసింది, చూసి కూడా నవ్వి ముందుకు పోయింది, నీళ్లు కావలసినవాళ్లు అడక్కుండా కళ్లు మూసుకుని పడుకున్నారు, అందరూ తననే అడిగారు, నువ్వేమైనా తిన్నావా అమ్మా అని, తలుపు తెరుచుకుంది, అటెండరు తల బయటపెట్టి, మేడమ్, మిమ్మల్ని రమ్మంటున్నారు అన్నాడు, ఆమె లేచింది, ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు, నిన్న ఆ వార్డును తను నడపలేదు, అడగవలసినవి అడగకుండా, నొప్పులు పంటి బిగువున దాచుకుని, తన మీద జాలితో, మంచాల మీదున్న వాళ్లే నడిపారు.