చెవిటి సరంగూ, నేనూ

నేను ఒక ముసలి పడవను. పుట్టింది నార్వేలో, బతుకు చాలావరకు గడిచింది గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో. ఓక్ చెక్కతో ఒళ్ళు, ఇనుపరేకు తొడిగిన ముక్కు, పొట్టలో ఒక డీజిల్ ఇంజను. నన్ను చేసిన వడ్రంగుల్లో ఒకడు, నీళ్ళు చొరకుండా పలకకీ పలకకీ మధ్య తారు నూలు కూరుతూ, "ఇది మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది" అన్నాడు. అప్పట్లో అది దీవెన అనుకున్నాను. బతికి చూశాక దీవెనో శాపమో తేల్చుకోలేకుండా ఉన్నాను.

నా మొదటి యజమాని చేపలు పడితే పాడేవాడు, పడకపోతే నన్ను తన్నేవాడు. చేపలు సముద్రంలో లేకపోవడం నా తప్పెలా అవుతుందో ఆయన ఏనాడూ చెప్పలేదు. మోకాళ్ళు పట్టేశాక నన్ను గ్రీన్‌లాండ్‌లో ఒక వేటగాడికి అమ్మేశాడు. ఆ వేటగాడు మంచి మనిషి, పొద్దున్నే నా ముక్కు నిమిరి ఎక్కేవాడు. ఆయన పోయాక ఆయన కొడుకు పావియా చేతికి వచ్చాను. అప్పటికి పావియా మీసం సరిగ్గా రాని కుర్రవాడు. ఇప్పుడు ఆయన గడ్డం మంచు కంటే తెల్లగా ఉంది.

పొట్టలో చేపలు పోసుకుని తిరిగిన రోజుల్లో ఒళ్ళంతా నీచువాసన వేసేది గానీ, చేపలు ఒక్కటీ ఫిర్యాదు చేసేవి కావు. తర్వాత చేపలు పట్టడం కంటే మనుషుల్ని తిప్పడం నయమని ఊరంతటికీ తెలిసొచ్చింది. నాకు ఎర్రరంగు వేశారు, బెంచీలు బిగించారు, చేపలు నిలవ చేసే గదిలో టాయిలెట్టు పెట్టారు. అప్పటి నుంచీ నా పని మంచుకొండలు చూపించడం. ఇంట్లో ఫ్రిజ్జులో మంచు పేరుకుంటే చిరాకు పడే మనుషులు అదే మంచును చూడటానికి సముద్రాలు దాటి వస్తారు. వచ్చి చలి చలి అంటారు.

మేము తిరిగేది ఫ్యోర్డ్‌లో. అంటే కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన పాయ. దాని చివర పెద్ద హిమానీనదం ఉంది. అక్కడి నుంచి ముక్కలు విరిగి, మేడలంత, ఊళ్ళంత కొండలై, మెల్లగా సముద్రంలోకి కదిలి వస్తాయి. చూడటానికి బుద్ధిమంతుల్లా ఉంటాయి గానీ వాటిని నమ్మకూడదు. అడుగున కరిగి కరిగి, ఏదో ఒక క్షణాన పక్కకు దొర్లుతాయి. దొర్లే ముందు లోపల ఎక్కడో ఒక మూలుగు పుడుతుంది, ఆ తర్వాత ఫెళ్ళుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు ఎటు నుంచి వచ్చిందో తెలిసిన సరంగు పడవను తిప్పి ప్రాణాలు దక్కించుకుంటాడు. అందుకే ఈ పాయలో సరంగుకు చూపు కంటే చెవి ముఖ్యం.

పావియా చెవి అలాంటిది. నా ఇంజను ఏ కాస్త దగ్గినా నిద్రలోంచి లేచి వచ్చేవాడు. అలాంటి మనిషి ఉండగా, ఒక వేసవిలో, లోపల బోల్టు వదులై పొద్దంతా టకటకా కొట్టుకున్నాను. ఆయన దిగి చూడలేదు. పైన చుక్కాని చక్రం పట్టుకుని ఈల వేసుకుంటూ నిలబడ్డాడు. ఆ ఈల కూడా శ్రుతి తప్పింది. అప్పుడు నాకు తెలిసింది, ఆయనకు వినపడటం లేదని. వేట తుపాకుల మోతా, నా ఇంజను రొదా కలిసి ఆ చెవుల్ని తినేశాయి. అందులో సగం పాపం నాదే అనుకుంటే ఇప్పటికీ దిగులేస్తుంది.

ఊళ్ళో తెలిస్తే ఆయన్ని చక్రం ముట్టుకోనివ్వరు. చక్రం వదిలిన పావియాను నేను ఊహించలేను, ఆయనా ఊహించుకోలేకపోయాడు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. మంచుకొండల నడుమ ఇంజను ఆపి, ప్రయాణికుల్ని కాసేపు మౌనంగా ఉండమంటాం. మంచు చిటపటలు వినడానికి అది ఇక్కడి ఆనవాయితీ. అప్పుడు ఎక్కడ ఏ చప్పుడైనా అందరి తలలూ అటు తిరుగుతాయి. పావియా తన సరంగు గది కిటికీలోంచి మంచును చూసేవాడు కాదు, ఆ తలల్ని చూసేవాడు. తలలు ఎడమకు తిరిగితే నన్ను కుడికి తిప్పేవాడు. అన్నిటికంటే ముందు తిరిగే తల ఆయన కూతురు బిబియానేది. ఆవిడే మా గైడు, ఎప్పుడూ ముందుభాగంలో తండ్రికి కనపడేలా నిలబడేది. అలా కొన్ని వేసవులు నెట్టుకొచ్చాం. ఈ సంగతి ఆయనకు కాక నాకొక్కదానికే తెలుసని నాకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

నా ఆఖరి ప్రయాణంలో ఎక్కినవాళ్ళు తెలుగువాళ్ళు, తణుకు నుంచి వచ్చిన బృందం. నాకు అన్ని భాషలూ అర్థమవుతాయి, చెక్కకు వినడం తప్ప వేరే పనేముంది? బృందానికి పెద్ద విశ్వపతి గారు, కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైన ఆయన. చెవి మిషను జేబులో పెట్టుకుని, తనకు అన్నీ వినపడుతున్నట్టే తల ఊపుతూ ఉంటారు. ఆయన భార్య మంగతాయారు గారు స్టీలు క్యారియరు నిండా పులిహోర పట్టుకుని ఎక్కారు. భర్తతో ఏదైనా చెప్పాలంటే భుజం తట్టి, ఎదురుగా వెళ్ళి, చేతులతో చూపిస్తూ చెప్పేవారు. అది చూసి నాకెందుకో ఆవిడ మీద అభిమానం కలిగింది.

అందరికీ నారింజ రంగు చలికోట్లు తొడిగారు. పడవ నడిపేది తన తండ్రేననీ, మంచు దగ్గర మౌనంగా ఉండాలనీ బిబియానే ఇంగ్లీషులో చెప్పింది.

"ఏవిటీ, నోరు మూసుకోమంటోందా?" అన్నాడు ఒకాయన.

"అయిదు నిమిషాలేనట్రా. మీ ఆవిడకి చెప్పు ముందు" అన్నాడు ఇంకొకాయన. అందరూ పడీ పడీ నవ్వారు. మౌనం ఆ రోజు జరిగే పని కాదని నాకు అప్పుడే అర్థమైంది.

పాయలో మేఘం లేదు, గాలి లేదు. ఇంజను ఆపగానే ఎదురుగా ఒక మంచుకొండ కనిపించింది. నున్నగా, గుండ్రంగా, నిటారుగా, అడుగున పానవట్టంలాంటి పలకతో నిలబడి ఉంది. నేను దాన్ని వారం నుంచి చూస్తూనే ఉన్నాను. నాకు మాత్రం అందులో ఏ విశేషమూ కనపడలేదు.

"శివలింగవండీ! అచ్చం శివలింగం!" అని తెలుగులోనే, అటు వేలు చూపిస్తూ అరిచారు విశ్వపతి గారు. "ఏవమ్మా, కాస్త దగ్గరికి పోనిమ్మని చెప్పు మీ నాన్నకి. ఇంత దూరం వచ్చి దర్శనం చేసుకోకపోతే ఎలాగ?"

దగ్గరికి వెళ్ళకూడదని బిబియానే గట్టిగా చెప్పింది. కర్పూరం బయటికి తీస్తే అగ్గిపెట్టె లాక్కుంది, డీజిలుతో నడిచే చెక్క పడవలో నిప్పేమిటని. కొబ్బరికాయకు మాత్రం ఏం అనాలో తోచలేదు. సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి, మూడు విమానాలు ఎక్కించి తెచ్చిన కాయ అది. నా లంగరు మీద దాన్ని ఠప్పున కొట్టారు. నీళ్ళు నా ముక్కు మీద పడ్డాయి. ఇన్నేళ్ళ బతుకులో నాకు అభిషేకం చేసినవాళ్ళు వాళ్ళే.

"నువ్వొక్క ఫొటో తియ్యమ్మా, అందరం పడాలి, వెనకాల లింగం పడాలి" అని బిబియానే చేతిలో ఫోను పెట్టారు. ఆవిడ ఒక పక్కకు ఒరిగి, ఫోను కళ్ళకు అడ్డం పెట్టుకుంది. మిగిలినవాళ్ళంతా లింగం వైపు తిరిగి చేతులు నెత్తిన జోడించి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి "హర హర మహాదేవ!" అన్నారు. కొండలు తిరిగి అన్నాయి. వాళ్ళకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

అప్పుడు నా అడుగు పలకల్లో మూలుగు తగిలింది. వెనక నుంచి. ఎవరూ పట్టించుకోని ఒక చదునైన పెద్ద కొండ నుంచి.

పావియా వంక చూశాను. ఆయన తన అలవాటు ప్రకారం తలల్ని చూస్తున్నాడు. కళ్ళు మూసుకున్న తలలు కదులుతాయా? అందరూ అంత భక్తిగా, అంత నిశ్చలంగా ఉంటే ఆ మనిషి ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. ఫెళ్ళుమన్న చప్పుడు మహాదేవుడి పేరులో కలిసిపోయింది. కేక వేయాలని నా ఒళ్ళంతా తపించిపోయింది. పడవకు నోరెక్కడిది?

మంగతాయారు గారు మాత్రం పూజలో లేరు. ప్రసాదం పెట్టాలి కదా అని గది పక్క బెంచీ మీద పులిహోర కాగితప్పళ్ళాల్లో సర్దుతున్నారు. ఆవిడ ఆ చప్పుడు విని, వెనక్కి తిరిగి, కొండ ఒరగడం చూశారు. నోరు తెరిచి, "ఏవండోయ్!" అన్నారు. భర్త వినలేదు, అది ఆవిడకు మామూలే. కిటికీలోంచి సరంగు కూడా వినలేదు. చూస్తూనే ఆవిడకు సంగతి అర్థమైపోయింది. ఆ చెదరని ముఖాన్ని ఆవిడ ఇంట్లో రోజూ చూస్తారు. పళ్ళాలు వదిలేసి, కిటికీ అద్దం మీద అరచేత్తో దబదబా బాది, ఆయన ఎదురుగా వచ్చి, చేయి చాచి వెనక్కి చూపించారు. తర్వాత రెండు చేతులూ కలిపి బోర్లా తిప్పారు, పెనం మీద అట్టు తిరగేసినట్టు.

పావియా వెనక్కి చూశాడు. కొండ ఒక అంచు లేస్తోంది, నీళ్ళు మరుగుతున్నాయి. ఇంజను తాళం తిప్పాడు. నేను దగ్గాను. మళ్ళీ తిప్పాడు. నా లోపల తుప్పు పట్టని భాగమేదైనా మిగిలి ఉంటే దాన్నంతా కూడగట్టుకుని రగిలాను. ఆయన నన్ను గిర్రున తిప్పి, వచ్చే అలకు నా ముక్కు ఎదురొడ్డాడు.

అల మమ్మల్ని ఎత్తి పడేసింది. బెంచీలు, పళ్ళాలు, భక్తులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక మంచు బండ నా ఎడమ పక్కను కొట్టింది, పలక విరిగిన నొప్పి వెన్ను దాకా పాకింది. తర్వాత అంతా సద్దుమణిగింది. అందరూ ఉన్నారు. తడిసి, వణికి, ఒకరినొకరు లెక్కపెట్టుకుంటూ ఉన్నారు.

"చూశారా, నేను నామం జపించబట్టే గట్టెక్కాం" అన్నారు విశ్వపతి గారు, పళ్ళు టకటకలాడుతుంటే.

"ఆహా, మీరు జపించబట్టే మునగబోయాం" అన్నారు మంగతాయారు గారు. చలికోటు గుండీ పెట్టి, ఆయన జేబులోంచి మిషను తీసి చెవిలో దూర్చారు. "ఇహ తీశారంటే నేనూరుకోను."

రేవు చేరేదాకా నాలోకి నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. దిగేటప్పుడు ఆవిడ సరంగు గది దగ్గర ఆగారు. పావియా చెయ్యి పట్టుకుని, తన చెవిని ముట్టుకుని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఆయన చేతిని తట్టారు. ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు.

బిబియానే అంతా చూసింది. పావియా చక్రం మీద నుంచి చేతులు తీయలేదు. చెవిటివాళ్ళు మాట్లాడే గొంతుతో, రేవంతా వినేలా చెప్పాడు. "నాకు వినపడటం లేదు బిబియానే."

ఆవిడ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "తెలుసు నాన్నా."

ఆయనకు పెదవుల కదలిక అర్థమైంది, ఆ మాట వెనకున్న సంగతి అర్థం కాలేదు.

"ఎప్పటి నుంచో తెలుసు. నేను ముందు నిలబడేది అందుకే. ఎటు చప్పుడైతే అటు, నీకు కనపడేలా తల తిప్పేదాన్ని."

"ఇవాళ మాత్రం ఫొటో తీస్తూ ఉండిపోయావు" అన్నాడు పావియా.

"అవును నాన్నా" అంది, ఏడ్చేసింది. ఆయన తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

నాకొక్కదానికే తెలుసనుకున్న నా గర్వం ఆ పూటతో అణిగింది. ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ ఆ తండ్రీ కూతుళ్ళు అన్ని వేసవులు మాట్లాడుకోకుండా గడిపారు. ప్రేమ ఉన్నచోట మనుషులు ఇంత ప్రమాదకరంగా ఎందుకుంటారో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

విరిగిన పలక బాగుచేసినా లాభం లేదన్నారు. నన్ను ఒడ్డుకు లాగి, పాత ఇంజన్లూ చిరిగిన వలలూ పడేసే చోట దిమ్మెల మీద పెట్టారు. ఎర్రరంగు పెచ్చులు ఊడుతోంది. వచ్చే చలికాలానికి పొయ్యిలోకి పోతానంటున్నారు. పోనీ, చాలా అలిసిపోయాను.

బిబియానే ఇప్పుడు వేరే పడవ నడుపుతోంది. సాయంత్రాలు పావియా ఇక్కడికొచ్చి నా పాత గదిలో కూర్చుంటాడు. పని అయ్యాక ఆవిడ వస్తుంది. వెనక నుంచి పిలవదు, చుట్టూ తిరిగి ఆయన ముఖానికి ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. ఇద్దరూ పూర్వం కంటే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. పాయలో ఏదైనా విరిగితే, ఎక్కడ విరిగిందో, ఎంత పెద్దగా విరిగిందో ఆవిడ నిదానంగా చెబుతుంది, ఆయన తల ఊపుతాడు. అందుకే ఆయన కోసం వినడం నేను మానేశాను.