అందరూ చల్లిన అరెకరం

తొట్టి తళతళా మెరుస్తోంది. గొడవంతా దానివల్లే.

"తోమేశారా అత్తయ్యా?" అంది రాధాకుమారి పెరటి గుమ్మంలోనే ఆగిపోయి.

"తోమక? వేలెడు మందాన పాచి పట్టింది. చింతపండూ బూడిదా వేసి రుద్దితేగానీ రేకు కనబడలేదు" అంది పున్నమ్మ చేతులు కడుక్కుంటూ. "ఎవరైనా చూస్తే ఈ ఇంట్లో ఆడవాళ్ళు లేరనుకుంటారు."

"పాచి కాదండీ అది, నాచు. పదిహేను రోజుల్నుంచి పెంచుతున్నాను."

"పెంచుతున్నావా! కోళ్ళని పెంచుతారు, గేదెల్ని పెంచుతారు. పాచిని పెంచేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా."

"అడుగున మట్టి, సూపర్ ఫాస్ఫేటు ఎరువు కూడా వేశాను కదా..."

"ఆ బురద కూడా ఎత్తి సపోటా చెట్టు మొదట్లో పోశాను. వడియాల పిండికని నేను బోధన్‌లో దగ్గరుండి కొట్టించుకున్న తొట్టి ఇది. నీ కాలేజీ చదువులకి నా తొట్టే దొరికిందా?"

వసారాలో పేపరు చదువుతున్న చెంచురామయ్య తలెత్తకుండానే తీర్పు చెప్పాడు. "ఇంకో రెండు కొట్టిస్తే పోయె. రేకు తొట్టి కోసం ఇంత యాగీ ఏమిటి?"

కొత్త తొట్లు వారంలో వచ్చాయి. పున్నమ్మ చేతికందకుండా రాధాకుమారి వాటిని డాబా మీదికి ఎక్కించింది. రాధాకుమారి గుంటూరులో బి.ఎస్సీ. వృక్షశాస్త్రం చదివింది. ఆ సంగతి శుభలేఖలో పెద్దక్షరాలతో అచ్చు వేయించిన మామగారికి, ఆ తరవాత ఆరేళ్ళలో దానితో పనిపడింది ఒక్కసారే, మందు సీసా మీద ఇంగ్లీషు చదివించుకోవడానికి.

1987 వానాకాలంలో ఆ చదువుకి ఒక దారి దొరికింది. వ్యవసాయ విస్తరణాధికారి లక్ష్మీరాజం చందూరు వచ్చినప్పుడు ఎండిన నాచు పెళ్ళలు ఒక పొట్లంలో ఇచ్చి వెళ్ళాడు. నీలి ఆకుపచ్చ నాచు అది. నిలవనీటిలో, ఎండలో పెరుగుతూ గాలిలోని నత్రజనిని పట్టి తన ఒంట్లో దాచుకుంటుంది. చచ్చి కుళ్ళినప్పుడు ఆ నత్రజని వరిపైరుకి అందుతుంది. ఎకరానికి అరబస్తా యూరియా కలిసొస్తుందని పుస్తకం చెప్పేది. పుస్తకం చెప్పింది అంతవరకే. రాధాకుమారి చెప్పింది కూడా అంతే.

పొట్లంలో మిగిలినది చల్లితే కొత్త తొట్లలో నాచు చాపలా కట్టింది. ఎండబెట్టి, గీరి, రెండు కిలోల పెళ్ళలు గుడ్డసంచికి ఎత్తుకుని ఆమె మామగారి ముందు నిలబడింది.

"ఒక్క అరెకరం ఇవ్వండి మామయ్యగారూ. దానికి ఒక్క గింజ కూడా యూరియా వెయ్యకూడదు. దిగుబడి రెండు మూడు బస్తాలు తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఎంత తగ్గిందో తెలిస్తే నాచు ఎంత ఇచ్చిందో తెలుస్తుంది."

గుడివాడ దగ్గర్నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద చెరుకూ వరీ పండిస్తూ ముప్ఫయ్యేళ్ళుగా ఉంటున్న చెంచురామయ్య, తగ్గడం కోసం పొలం చెయ్యడం ఎక్కడా వినలేదు. అయినా మనవడికి తాటాకు బుడబుక్క కొనిచ్చినంత ధారాళంగా, "సరే తీసుకో" అన్నాడు.

ఆమెకి కావలసిందల్లా ఆ అరెకరం చెప్పే నిజం. తాను నేర్చుకున్నది ఒక్కటైనా కాగితం మీంచి దిగి మట్టిలో నిలబడుతుందో లేదో చూసుకోవాలి. అంతకంటే పెద్ద కోరిక ఆమెకి ఆ ఇంట్లో ఎప్పుడూ కలగలేదు.

అయితే ఆ ఇంటి కోడళ్ళు రోజూ పొలం వెళ్ళరు. నాచు చల్లిన వారానికి వెళ్ళి, నీటిమీద ఆకుపచ్చగా తేలుతున్నది చూసుకుని తృప్తిగా తిరిగొచ్చింది. తరవాత వెళ్ళింది పైరు పొట్టకొచ్చాకే. పైరు ఏపుగా ఉంది. ఆకు నలుపు తిరిగినంత పచ్చగా ఉంది. ఒక మూల బరువెక్కి ఒరిగింది కూడా. పక్క మళ్ళకంటే జానెడు ఎత్తుంది. అందరూ సంతోషించారు. రాధాకుమారి ఒక్కతే గట్టు మీద నిలబడి కనుబొమలు ముడిచింది. తగ్గవలసినది పెరిగితే, పరీక్ష రాసిన పిల్లకి నూటికి నూటపది మార్కులు వచ్చినట్టే ఉంటుంది.

లక్ష్మీరాజానికి అలాంటి సందేహాలు లేవు. "ఒక్క గింజ యూరియా లేకుంట గింత పైరా సార్! గురువారం నాడు గీ గట్టు మీదనే రైతుల మీటింగ్ పెడ్త. చందూర్, మోస్రా నుంచి యాభై మందిని తోలుకొస్త. మీరే మాట్లాడాలె" అని చెంచురామయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ పూట నుంచి చెంచురామయ్య గడ్డం గీసుకునేటప్పుడు అద్దంతో, "సోదర రైతులారా" అనడం మొదలుపెట్టాడు.

బుధవారం పొద్దున్న పొలంపని చేసే లింగవ్వ డాబా మెట్ల కిందికి వచ్చి నిలబడింది.

"చిన్నమ్మా, గీ తాబి పంటకు మా కొడుకు దేవన్న గూడ మా ఎకరంల నీ నాచు ఏస్తనంటుండు. ఓ నాలుగు కిలోలు ఇయ్యరాదు?"

"ఇస్తాను లింగవ్వా. కానీ యూరియా పూర్తిగా మానెయ్యొద్దని చెప్పు."

"గది నాకెర్కే. గందుకే అడుగుతున్న. నాచు ఏసినంక యూరియా ఎన్ని మార్లు సల్లాలె? మీ మడిల అయిదు మార్లు సల్లిండ్రు గద."

రాధాకుమారి చేతిలోని నాచు చేట మెట్టు మీద పెట్టింది. "ఎవరు?"

లింగవ్వ నాలిక కరుచుకుంది. కానీ మాట బయటపడ్డాక సగం దాచడం ఆమెకి చేతకాదు. వేళ్ళు ముడుస్తూ లెక్క చెప్పింది. "పెద్దాయన రెండు మార్లు. పొద్దుగాల నేను సూసిన. 'పైరు పసుపెక్కింది, పిల్ల చిన్నబోతది, చెప్పకు' అన్నడు. మీ సారు ఒక మారు. గాయన గూడ గదే మాట. పెద్దమ్మ నాకే సాటెడు ఇచ్చి సల్లిరా పో అన్నది. ఇంటిల్లిపాది గట్ల చేస్తుంటే, నాచుకు గిదే మొక్కు కావచ్చని నేను గూడ నీ పేరు చెప్పి ఓ దోసెడు ఏసిన. అవు గాని చిన్నమ్మా, దొంగసాటుగ ఏస్తెనే పని చేస్తదా, మామూలుగ ఏసినా చేస్తదా?"

రాధాకుమారి మెట్లు దిగి ఆమె ముందుకొచ్చింది. "ఇంతకీ నాచేమైంది?"

"నాచు ఏడున్నది? ఎప్పుడో సచ్చిపాయె. మడిల పాచి లేసిందని పెద్దాయన మడవకాడ మైలుతుత్తం మూట గట్టిండు గద."

కృష్ణాజిల్లా రైతు పద్ధతి అది. మడిలోకి నీళ్ళు వచ్చే మడవ దగ్గర మైలుతుత్తం గుడ్డలో కట్టి వేలాడదీస్తే, ఆ నీలిరాయి కరిగి పాచిని మాడ్చేస్తుంది. చెంచురామయ్య చెయ్యి నలభయ్యేళ్ళ అలవాటు కొద్దీ ఆ పని చేసింది. తరవాత ఆయన జాలి ఆయన పని చేసింది. ఇప్పుడు పేరు మాత్రం నాచుకి వచ్చింది.

రాధాకుమారి లింగవ్వని వెంటబెట్టుకుని పొలం వెళ్ళింది. మడవ దగ్గర కర్రకి వెలిసిన నీలం గుడ్డ ఇంకా వేలాడుతోంది. దాన్ని విప్పి కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి మామగారూ, భర్త చెన్నకేశవరావూ కూర్చున్నారు. కోడలితో పాటు తింటానని పున్నమ్మ పీట పక్కకి లాక్కుంది. చెంచురామయ్య పప్పు కలుపుకుంటూ, "రేపు ముందుగా నాచు గురించి నాలుగు ముక్కలు చెప్పి, తరవాత మన అనుభవంలోకి వస్తాను" అన్నాడు.

రాధాకుమారి ఆవకాయ జాడీ పక్కన కాగితం విప్పింది.

"మైలుతుత్తం గుడ్డలా ఉందే" అన్నాడు చెన్నకేశవరావు అమాయకంగా.

"అవునండీ. మీరు చల్లింది ఎన్ని కిలోలు?"

అతను ముద్ద కంచంలో వదిలేశాడు. "అయిదు... అంతకంటే లేదు. ఆకు పసుపెక్కింది, నీ మొహం చూడలేక..."

"నువ్వు కూడా చల్లావుట్రా?" అన్నాడు చెంచురామయ్య.

"కూడా అంటే? నాన్నా, మీరు..."

"ఎందుకా అరుపులు?" అంది పున్నమ్మ. "ఆ మడి లేచింది నేనిచ్చిన చాటెడుతో."

"నీ చాటెడుతోనా! రెండుసార్లు చల్లినవాణ్ణి నేనిక్కడ ఉండగా!"

"వంగి దుబ్బు మొదట్లో పడేలా చల్లింది నేను" అన్నాడు కొడుకు.

అలా ఆ పైరుకి కంచాల దగ్గర ముగ్గురు యజమానులు తేలారు. నాచు తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేకపోయారు. రాధాకుమారికి కోపం రావలసినంత రాలేదు. తన కోసం ఇంతమంది తెల్లవారుజామున లేచి, ఒకరికి తెలియకుండా ఒకరు బురదలో దిగారు. కానీ ఒక్కరు కూడా ఆమె మాట నిజం కావచ్చునని అనుకోలేదు.

"రేపు దేవన్న వస్తాడు మామయ్యగారూ. మోస్రా నుంచి ఎకరం, ఎకరన్నర ఉన్నవాళ్ళు వస్తారు. ఒక్క గింజ వెయ్యలేదని మీరు చెప్తే వాళ్ళు నిజంగానే వెయ్యరు. వాళ్ళ మళ్ళలో దొంగచాటుగా చల్లడానికి ఎవరున్నారు?"

చెంచురామయ్య పప్పులో వేలు తిప్పాడు. "నలుగురిలో నన్నేం చెప్పమంటావమ్మా? పరువు..."

"యూరియా పడింది, ఈ పంట లెక్కలోకి రాదు, మళ్ళీ చేస్తున్నాం అనండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను."

గట్టు మీద యాభై మంది మగవాళ్ళ ముందు కోడలు మాట్లాడటం అనే మాట ఆ వంటింట్లో అంతవరకు ఎవరూ అనలేదు. "నేనే చెప్తాలే" అన్నాడు ఆయన చప్పున. "మళ్ళీ చెయ్యడమంటే, అదే అరెకరమా?"

"అదే. మధ్యలో గట్టు పోయించి రెండు మళ్ళు చేయిస్తాను. దేని మడవ దానికి. మైలుతుత్తం నా ట్రంకుపెట్టెలో ఉంటుంది. రెండింటికీ సగం యూరియా, పట్టపగలు, అందరి ఎదుటా. ఒకదాంట్లో నాచు చల్లుతాను. రెండోదాంట్లో అదే రంగు మట్టిపెళ్ళలు చల్లుతాను. ఎందులో ఏది చల్లానో కోతలు అయ్యేదాకా ఎవరికీ చెప్పను."

"ఇంట్లోవాళ్ళక్కూడానా?" అంది పున్నమ్మ.

"ఇంట్లోవాళ్ళకే" అంది రాధాకుమారి, మామగారి కంచంలో మజ్జిగ వంచుతూ. "అప్పటికీ ఎవరికైనా నామీద జాలి ఆగకపోతే, రెండు మళ్ళకీ సమానంగా చల్లండి."