పెట్టె మీద ఐదు చేతులు

మా అమ్మాయి మంజీర పోయిన నలభయ్యో రోజున సినిమా హీరో గారు మా బడికి వచ్చి, తన కుడి చెయ్యి వదిలి వెళ్ళిపోతారు.

చెయ్యి ప్రార్థన స్థలంలో, బల్ల మీది కళ్ళజోడు పెట్టె మీద ఉంది. దాని కింద విద్యాధికారి చెయ్యి, ఆ కింద సర్పంచి గారిది, ఆ కింద మా హెడ్మాస్టరు గారిది. ఫొటోగ్రాఫరు "అందరూ ఓ చెయ్యెయ్యండి" అన్నాడు. తర్వాత వెలుతురు చాల్లేదని, మళ్ళీ వస్తానని వెళ్ళాడు. అందరికీ పనులున్నాయి. చేతులు ఉంచి వెళ్ళారు.

పెట్టెలోవి మంజీర కళ్ళద్దాలు. పదో తరగతి పైడమ్మకు సరిగ్గా అదే నంబరు. మొదటి బెంచీలో కూర్చున్నా ఆమెకు బోర్డు కనిపించదు. గురువారం నుంచి పబ్లిక్ పరీక్షలు. తరగతిలో ఇచ్చేద్దామనే తెచ్చాను. హెడ్మాస్టరు గారు ఆపారు.

"హీరో గారి చేత ఇప్పిద్దాం మాస్టారూ. దానం ఎలా చెయ్యాలో పిల్లలు నేర్చుకుంటారు."

హీరో గారి మేనేజరు ఫోన్ చేస్తాడు. "చెయ్యి జాగ్రత్తండీ. సాయంత్రం ఇంకో మూడు ఊళ్ళున్నాయి. ఎడం చేత్తో ఇస్తే జనం పుచ్చుకోరు."

"తీసుకెళ్ళండి మరి."

"ఫొటో పడకుండా ఎలా తీస్తామండీ?"

అదీ సబబే.

తెలుగు పీరియడు బల్ల చుట్టూ పెడతాను. పాఠం దానం గురించే. పిల్లలు చేతుల్ని శ్రద్ధగా చూస్తారు.

"హీరో కూడా గోళ్ళు కొరుకుతాడ్రా! మనల్నేమో మాస్టారు తిడతారు," అంటాడు సింహాద్రి.

పైడమ్మ ముఖం బాగా దగ్గరగా పెట్టి చూస్తుంది. "మాస్టారూ, నాకిచ్చీసినట్టేనా అండి?"

"ఇచ్చినట్టే."

"మరి సేతులు తియ్యలేదు కదండి."

ఈ మాట నోట్సులో రాసుకోమని పిల్లలకు చెబుతాను. రాసుకుంటారు.

తర్వాత ఒక్కొక్క చెయ్యీ తీస్తాను. హీరో గారిది నాకు నమస్కారం పెట్టబోతుంది. రెండో చెయ్యి లేక మానుకుని, గాలిలో ఊగుతూ గేటు దాటుతుంది. విద్యాధికారిది ఎక్కడో ఒకచోట సంతకం పెట్టనిదే కదలదు. సింహాద్రి తన పరీక్ష అట్ట చూపిస్తే, దాని మీద గీకి పోతుంది. సర్పంచి గారిది కాసేపు బిగుసుకుని, అలిగి పోతుంది. హెడ్మాస్టరు గారిది గంట కొట్టడానికి వెళ్తుంది.

అడుగున ఇంకో చెయ్యి ఉంది. అందరికంటే ముందు పెట్టిన చెయ్యి అది. వేళ్ళ సందుల్లో సుద్దపొడి.

పిల్లలెవరూ నవ్వరు.

"ఇది మీదేనండి," అంటుంది పైడమ్మ నెమ్మదిగా.

చొక్కా చేతిలోకి చూసుకుంటాను. ఖాళీగా ఉంది.

"తీసీండి మాస్టారూ. నేను జాగర్తగా సూసుకుంతాను."

తీద్దామనే అనుకుంటాను. కానీ ఆ అరచేతి కింద, పెట్టె మూత మీద, ఎవరో రెప్పలు ఆర్పుతున్నారు. రెప్పవెంట్రుకలు మెత్తగా తగులుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్ళీ తగులుతున్నాయి.

గంట మోగుతుంది. పిల్లలు వరసగా తరగతికి వెళ్తారు. పైడమ్మ మాత్రం అక్కడే నిలబడి ఉంది.

ఈరోజు మంగళవారం. నా చెయ్యి నేనింకా తియ్యలేదు.