రాహుకాలంలో తీసిన స్నాప్‌షాట్

పదిన్నర దాటితే రాహుకాలం. మాదాపూర్‌లోని కొత్త అద్దాల మేడలో మేనేజర్ విశ్వేశ్వరరావు గారు పదికే అగరొత్తులు వెలిగించి, సర్వర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. తొంభై తొమ్మిదిలో ఓ శుక్రవారం అది. ఓ పెద్ద ఆస్పత్రి రోగుల వివరాలన్నీ పాత ప్రోగ్రాం నుంచి కొత్తదానికి మార్చాలి. ఆస్పత్రి డాక్టరు గారూ వచ్చి కూర్చున్నారు. అంతా సిద్ధమే గానీ, కీబోర్డు ముందున్న ప్రోగ్రామర్ కెజియా ఎంటర్ కొట్టడం లేదు.

"ముందు స్నాప్‌షాట్ తీయాలి సార్. ఆస్పత్రిలో ఎంట్రీలు ఆపించాలి," అంది.

ఆ క్షణాన డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచేది స్నాప్‌షాట్. తర్వాత ఏం చెడినా ఆ క్షణానికి వెనక్కి పోవచ్చు. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకునే మేనేజర్లకు మన దగ్గర కొదవా?

"మిర్రర్ డిస్క్ ఉందిగా! ప్రతి అక్షరం రెండో చోటా పడుతూనే ఉంటుంది. ముహూర్తం దాటిపోతోందమ్మా!"

"ముఖానికి మసి పూసుకుంటే అద్దంలోనూ మసే కనబడుతుంది సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "మీకు నమ్మకాలు లేకపోతే పోనీ, మా నమ్మకాలతో ఆడుకోకు."

మతాన్ని ఎత్తిపొడిచిన ఆ 'మీకు' తగలాల్సిన చోటే తగిలింది. "మా అమ్మ వికారాబాద్ దవాఖానలో నర్సు సార్. ప్రార్థన చేయనిదే సూది వేయదు. అలాగని సూది మరిగించడం మానదు," అంది కెజియా.

పక్క కుర్చీలోని సాయిచంద్ గొంతు తగ్గించాడు. "జర నిమ్మలం కెజియా. నీ కన్ఫర్మేషన్ కాయితం సార్ టేబుల్ మీదనే ఉన్నది. ఇయ్యాల సంతకం కాకుంటే నౌకరీ పోతది."

"పోతే పోనీ. రోగుల రక్తం గ్రూపులతోని జూదమాడాల్నా?"

భయం లేక కాదు. పుప్పాలగూడలో గది కిరాయి, తమ్ముడి చదువు అన్నీ ఆ సంతకం మీదే ఉన్నాయి. అయినా లేవలేదు. ఆస్పత్రికి ఫోన్ చేసి ఎంట్రీలు ఆపించింది, స్నాప్‌షాట్ తీసింది. తలెత్తేసరికి పదిన్నర దాటింది. కొబ్బరికాయ సార్ చేతిలోనే ఉండిపోయింది.

రాహుకాలం పోయాక, పన్నెండు దాటాక కాయ కొట్టారు. అందాకా ఆస్పత్రివాళ్లు కాగితాల మీద రాసుకున్నారు. కెజియా ఎంటర్ కొట్టింది, వివరాలన్నీ కొత్త ప్రోగ్రాంలోకి చేరాయి. డాక్టరు గారు తనకు తెలిసిన రోగి పేరు కొట్టించారు. బి పాజిటివ్ మనిషి ఓ-నెగటివ్ అయి కూర్చున్నాడు. ఇంకొకరిని చూశారు, అదే గోల. ఒకరి గ్రూపు పక్కవారి పేరు మీదికి జరిగిపోయింది, వేలమందికి.

"మిర్రర్ చూడు, మిర్రర్!" అన్నారు విశ్వేశ్వరరావు గారు. చూశారు. అక్కడా అచ్చు అదే తప్పు, పొల్లు పోకుండా.

కెజియా స్నాప్‌షాట్‌లో ఉన్నదాన్ని వెనక్కి తెచ్చింది. డాక్టరు గారు అవే పేర్లు మళ్లీ చూసి, సరిగ్గా ఉన్నాయని చెమట తుడుచుకున్నారు.

ఆయన వెళ్లాక విశ్వేశ్వరరావు గారు ఆమెను గదిలోకి పిలిచారు. "ముహూర్తం తప్పించావు, అందుకే పని చెడింది. సారీ చెప్పు, సంతకం పెడతా. సోమవారం మళ్లీ మొదలెడదాం."

కెజియాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది.

"చెప్పను సార్. ముహూర్తం మీరే పెట్టండి, కాయ మీరే కొట్టండి. స్నాప్‌షాట్ తీయనిదే నేను మాత్రం ఎంటర్ కొట్టను."

సంతకం లేని కాగితాన్ని ఆయన బల్ల మీదే వదిలేసి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"ఏమాయె?" అన్నాడు సాయిచంద్.

"సోమవారం కూడా ఎంట్రీలు ఆపాలని ఆస్పత్రికి ఇప్పుడే ఫోన్ కొట్టు," అంది.