హానుస్ డిస్కులో పద్నాలుగు ముక్కలు

తమ్ముడు హానుస్ పోయిన ఆరు నెలలకు గానీ బెర్గ్‌తోరా అతని కంప్యూటర్ ముందు కూర్చోలేదు. అదీ పొరుగింటి రన్వా అడిగిందని.

రన్వా మొగుడు సీమున్ ఎక్కిన చేపల పడవ ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఈ సూరోయ్ దీవి రేవు నుంచే వెళ్ళి మరి రాలేదు. ముగ్గురు మనుషులు. నాలుగోవాడు హానుస్. పంటినొప్పని ఆగిపోయి, గట్టు మీద నిలబడి పడవ బయల్దేరడం వీడియో తీశాడు. దాన్ని ఎవరికీ చూపించలేదు.

"నాకూ డెబ్భై దాటాయి తోరా. ఆయన మొహం కదులుతుంటే ఒక్కసారి చూడాలే," అంది రన్వా.

టేపును హానుస్ ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించాడు. కానీ అది పాతరకం ఫైలు, టీవీలో ఆడదు. బెర్గ్‌తోరా దాన్ని కొత్తరకంలోకి మార్చబోయింది. నలభై సెకన్ల బొమ్మ మారి ఆగిపోయింది. డిస్కులో చోటు లేదట. తగిలించిన పెద్ద డిస్కు చూస్తే దాదాపు ఖాళీ. మళ్ళీ నొక్కింది. ఈసారి వెంటనే అదే మాట: చోటు లేదు. ఆ గదిలో ఎవరో తనను పొమ్మంటున్నట్టే అనిపించింది.

రేవు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే హైనికి ఫోన్ చేసింది.

"పెద్ద డిస్కులో చోటుంటే చాలదక్కా. మారుస్తున్నంతసేపూ ఆ ప్రోగ్రాం చిత్తు ఫైళ్ళు లోపలి చిన్న డిస్కులో పోస్తుంది. మధ్యలో ఆగితే వాటిని ఊడ్చుకోదు. నే చెప్పే ఫోల్డర్ తెరిచి చూడు."

తెరిచింది. ఇవాళ్టివి రెండు. వాటి కింద మరో పద్నాలుగు. అన్నీ ఆ టేపువే. అన్నిటికీ ఒకటే తేదీ, ఫిబ్రవరి తొమ్మిది. పడవ వెళ్ళిన రోజు. ఏడాదికొకటి. ప్రతి ఏడూ ఇంకేవో చెరిపి కాస్త చోటు చేసుకున్నట్టున్నాడు, వీటిని మాత్రం ముట్టుకోలేదు.

అన్నిట్లోకీ పొడవైనది పెట్టి చూసింది. మంచు, గట్టు, ఎర్ర టోపీలో సీమున్ నవ్వు. పడవ కదిలింది. కాస్త దూరం పోయి మళ్ళీ గట్టు వైపు తిరిగింది. సీమున్ నోటి చుట్టూ చేతులు పెట్టి ఏదో అరవబోయాడు. అక్కడ ఆగిపోయింది.

"వాడికి ఈ ఊడ్చే సంగతి తెలియదేమోరా," అంది ఫోన్లో హైనితో.

"హానుస్ అన్నకా? నాకీ పని నేర్పిందే ఆయన!"

అంటే తెలిసే వదిలేశాడు, ఏ ఏడూ బొమ్మను చివరిదాకా మారనివ్వకుండా. బెర్గ్‌తోరా ఫోన్ పెట్టేసి ఒక్కొక్క ముక్కా చెరిపింది. ప్రతిసారీ యంత్రం నిజంగా చెరపమంటావా అని అడిగింది. ప్రతిసారీ ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. గంటలో ఫైలు పూర్తిగా మారింది. ఒంటరిగా చూసే ధైర్యం చాలక తిన్నగా రన్వా ఇంటికి పట్టుకెళ్ళింది.

టీవీలో సీమున్ అరిచాడు. "ఒరే హానుస్! రేడియోలో వాతావరణం విన్నావా?"

కెమెరా వెనక నుంచి హానుస్ పడుచు గొంతు: "విన్నా! ఏం లేదు, పదండి!"

పడవ తిరిగి సాగిపోయింది. ఆ తర్వాతంతా ఉత్త సముద్రం.

ఆ పొద్దున హానుస్ రేడియో పెట్టనేలేదు. గట్టుకు వెళ్ళేదాకా దవడ పట్టుకుని మంచం మీదే ఉన్నాడు. పక్కన కూర్చున్న బెర్గ్‌తోరాకి తెలియనిదా?

"రన్వా అక్కా, వాడు ఆ రోజు..."

"ఆ రేడియో నేను విన్నానే," అంది రన్వా, తెర మీంచి చూపు తిప్పకుండా. "వంటింట్లో. తుఫానన్నారు. ముందు రాత్రి ఆయనా నేనూ పోట్లాడుకున్నాం, పలకరించడం మానేశాను. గట్టు దాకా పరిగెత్తితే అందేవాడు."

బెర్గ్‌తోరా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"ఇన్నేళ్ళూ గోడకవతలే ఉన్నాడు హానుస్, పిచ్చివాడు," అంది రన్వా. "వాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

రిమోట్ తీసి బెర్గ్‌తోరా చేతిలో పెట్టింది.

"మళ్ళీ వెయ్యి. ఆయన నవ్వే దగ్గర్నుంచి."